ముల్లు ఖరీదు

ఎనభై మూడు, మే నెల, గుంటూరు.
అరండల్‌పేట నాలుగో లైన్లో
మస్తాన్ వలీ రేడియో రిపేర్ల కొట్టు.
మా అన్న ఎబినేజరు చొక్కాలో దాచి తెచ్చాడు
ఒక నల్ల పళ్ళెం, ఒక కరపత్రం.

కరపత్రం అమెరికా నుంచి
పాత బట్టల మూటలతో పాటు మిషను కాంపౌండులో దిగింది.
ఆ దేశపు పాటగాళ్ళు రికార్డుల్లో సైతాన్ని కుక్కారట,
వెనక్కి తిప్పితే వినిపిస్తాడట,
చర్చిల ముందు కుప్పలు పోసి తగలబెడుతున్నారట.
ఫొటోలో మంట తెల్లగా ఉంది.
చుట్టూ పిల్లలు నవ్వుతున్నారు, పండగలాగే.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు.
ఇంగ్లీషు మీడియం కాబట్టి
సైతాను చెప్పేది రాసుకునే పని నాకు పడింది.
లెక్కల నోటు చివరి పేజీ, అరిగిన పెన్సిలు.

మస్తాన్ బెల్టు ఊడదీసి
వేలితో వెనక్కి తిప్పడం మొదలెట్టాడు.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
"పోతే పోయిందిలే, వాడికి కరెంటెందుకు" అన్నాడు.
నలుగురం ముల్లు దగ్గర చెవులు ఆనించాం.
దోమంత గొంతు.

ఎబినేజరుకి "రా, రా" అని వినిపించింది,
మెడ మీద చెమట.
మిర్చి యార్డు నుంచి టీకి వచ్చిన కోటయ్యకి
తూకం తగ్గించి చెప్పే గుమాస్తా వినిపించాడు,
"ఈడు ఇక్కడికీ తగలడ్డాడా" అన్నాడు.
మస్తాన్ ఏం విన్నాడో చెప్పలేదు,
వేలు మాత్రం చాలాసేపు ఆపలేదు.
నాకైతే ఎవరో తడిచీర పిండుతున్న చప్పుడు.
రాశాను: స్యూ. ఎవ్. లాస్. స్యూ.

బల్బు కొనడానికి వచ్చిన సోమయాజులు మాస్టారు
కళ్ళజోడు పంచెకి తుడుచుకుంటూ అన్నారు:
"మన బోయవాడు మరా మరా అని తిరగేస్తే
దేవుడొచ్చాడు కదర్రా.
వాళ్ళు తిరగేస్తే వీడొచ్చాడా?
తప్పు పళ్ళేనిదా, వేలిదా?"
బల్బు వెలుగుతుందో లేదో చూసే వీల్లేక
కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు,
ఇంకేం మాట్లాడలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక
గుడి ఆవరణలో కుప్ప పోయించారు నాన్న, పాస్టరు గారు.
గుంటూరులో అమెరికా రికార్డులెన్నని దొరుకుతాయి?
మూడో, నాలుగో.
కుప్ప మరీ చిన్నదైందని
సినిమా పాటల క్యాసెట్లు వేశారు,
నిరుటి క్యాలెండర్లు వేశారు,
దానియేలు మామ బిగుతైన బూట్లు వేశాడు.
ప్లాస్టిక్ పొగ, ఆ పొగలోకి యార్డు వైపు నుంచి మిరపఘాటు.
అందరం దగ్గాం, అందరికీ కళ్ళనీళ్ళు.
పశ్చాత్తాపమనుకుని నాన్న
"స్తోత్రం" అన్నారు, ఆయనా దగ్గుతూనే.

అన్న వేసింది ఉత్త అట్ట కవరు.
నేను చూశాను. నేను చూడడం వాడూ చూశాడు.
పళ్ళెం అమ్మ కుట్టుమిషను కింద
గుడ్డపేలికల్లో పడుకునుంది.

మొన్నామధ్య దాన్ని ముందుకి తిప్పి విన్నాను.
ఎవరో ఒకడు వానలో ఎవరి కోసమో నిలబడ్డాడు, అంతే.
ఎందుకో కాస్త నిరాశ.

నోటుబుక్కూ దొరికింది.
స్యూ, ఎవ్, లాస్ కింద
మస్తాన్ వలీ చేతిరాత, ఒత్తి రాసిన నీలి సిరా:
ముల్లు అరిగింది. పన్నెండు రూపాయలు. బాకీ.
నాలుగో లైన్లో ఇప్పుడా కొట్టు
ఫోను కవర్లు అమ్ముతోంది.
కుర్రాణ్ణి అడిగితే మస్తాన్ ఎవరన్నాడు.

గుడి పద్దుల పుస్తకంలో, అదే వారం, నాన్న రాత:
మంటకు కిరసనాయిలు, నాలుగు రూపాయలు.
చెల్లించినట్టు సంతకం ఉంది.