మడత విప్పే చోటు

పద్దెనిమిది చదరపు మీటర్లు.
అంతకు ఒక్క చాప మించినా మార్కులు పోతాయని
మొదటి రోజే చెప్పేశారు ప్రొఫెసర్ గాల్‌బ్రెయిత్.
అందులోనే ఒక మనిషి వండుకోవాలి, పడుకోవాలి, నీళ్లు పోసుకోవాలి,
వీలైతే సంతోషంగా ఉండాలి.
ఆ చివరిది వాళ్లిచ్చిన కాగితంలో లేదు,
నేనే పెన్సిల్‌తో రాసుకున్నాను.

గ్లాస్గోలో నవంబరు. నాలుగింటికే చీకటి.
స్టూడియో అద్దాల మీద వాన
గీసి గీసి చెరిపేస్తోంది.
ఐలీ గోడలోంచి దిగే మంచం గీసింది.
తోమాష్ మంచం కిందే స్నానాలగది పెట్టి
మూడు రోజులు తను నిద్రపోలేదు.
నేను మెట్టుమెట్టుకీ ఒక సొరుగు పెట్టాను.

అట్టముక్కతో మనిషిని కత్తిరించాం,
మూడున్నర సెంటీమీటర్ల మనిషి.
పాపం, ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడతాడు.
వాడికి మోకాళ్ల నొప్పి లేదు, తడిసిన గొడుగు లేదు,
పోట్లాడి అలగడానికి ఇంకో మనిషి లేదు.

మా సిరిసిల్లలో
అగ్గిపెట్టెలో పట్టే చీర నేస్తారని చెప్పాను.
అందరూ చేతిలో పని ఆపి విన్నారు.
ఆ రాత్రే బోర్డు మీద పేరు రాసేశాను:
అగ్గిపెట్టె ఇల్లు.

తర్వాత నేల మీద అసలు కొలతల్తో
పసుపు టేపు అంటించి, లోపల పడుకుని చూశాం.
మంచం విప్పితే తలుపు తెరుచుకోదు.
తలుపు తెరిస్తే పొయ్యి దగ్గర నిలబడలేం.
'ఇల్లు ఇరకటం' అని బాపమ్మ సామెత నోటిదాకా వచ్చింది.
రెండో సగం ఆలిని తిట్టేది,
మింగేశాను.

రాత్రి పదకొండింటికి తుడుపుకర్రతో వచ్చాడు
జానిటర్ డూగల్.
గీత తొక్కలేదు. తలుపు ఎటని అడిగి
తలుపులోంచే వచ్చి, టోపీ తీశాడు.
"ఇంత గదిలోనే పుట్టాను, ఏడుగురం.
గోడ గూట్లో మంచం.
అమ్మకి నొప్పులొస్తే మమ్మల్ని మెట్ల మీదికి తోలేవాళ్లు.
చెల్లెలి మొదటి ఏడుపు మెట్ల మీదే విన్నాను.
ఎక్కాలు అక్కడే, మొదటి సిగరెట్టూ అక్కడే.
తర్వాత ఊరి చివర మూడు గదులిచ్చారు.
అమ్మ వాటిలో దారి తప్పినట్టు తిరిగేది."
వెళ్తూ వెళ్తూ ఆగాడు.
"అందంగా రాసుకోకు సుమా.
గోడలన్నీ చెమ్మ. తమ్ముడు దగ్గి దగ్గి పోయాడు."

బకెట్ చప్పుడు లిఫ్టు దాకా వినిపించింది.

మా ఇంట్లో మగ్గం కూర్చున్నాక
మిగిలిన చోటులో మేం కూర్చునేవాళ్లం.
బాపు ఒకేసారి నేశాడు అగ్గిపెట్టె చీర, ప్రదర్శన కోసం.
మెచ్చుకున్నవాళ్లంతా మడతే చూశారు.
విప్పి చూపిద్దామంటే ఇల్లు చాల్లేదు.
వీధిలోకి తీసుకెళ్తే
ఆ కొస ఎదురింటి రాజవ్వ పట్టుకుంది,
ఈ కొస కిరాణం కొట్టు వెంకటి.
మధ్యలో గాలి.

తెల్లారేలోగా కారిడార్‌ని మీటరు వెడల్పు చేశాను.
ఒక బెంచీ. ఒక కిటికీ. గొడుగులకి కొక్కేలు.

జ్యూరీలో ఒకాయన కళ్లద్దాలు పైకి తోసుకుని
"ఇది నీకిచ్చిన కొలతలోకి రాదు కదా" అన్నాడు.
రాదండీ, అన్నాను.

అందరూ పక్క బోర్డుకి కదిలాక
అట్టమనిషిని బెంచీ దగ్గర పెట్టాను.
కూర్చోవడం వాడికి రాదు.
నడుము దగ్గర మెల్లగా వంచితే
అట్ట చిట్లింది గానీ
కూర్చున్నాడు.