కారణం గడి

పొందూరు సంఘం లెడ్జరులో
ఎడమ నుంచి ఐదో గడి దాదాపు ఖాళీయే.
నూలు తగ్గితే ఎందుకు తగ్గిందో అక్కడ రాయాలి.
జ్వరం అని రాస్తాను. పురుడు అని రాస్తాను.
నాగావళి పొంగిందని ఒకసారి రాశాను.
పొట్నూరు తవిటమ్మ పేరుకెదురుగా
పదిహేడేళ్లుగా ఏమీ రాయలేదు.
నూరో నంబరు. నెలనెలా అన్నే చిలపలు.

మాఘంలో ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది.
ప్రదర్శన మూడు రోజులు, విమానం ఖర్చు వాళ్లదే,
తోడు ఒక మనిషి.
ఆ మనిషిని నేను.

తేకూడని వస్తువుల పట్టిక కూడా పంపారు.
నేను చదువుతుంటే ఆవిడ అరుగు మీద
అరటిదొప్పలో ఏకులు సర్దుకుంటూ వింది.
కత్తెర.
"మాకెందుకు, పళ్లున్నాయి."
గొడ్డలి.
"ఇమానంలో కట్టెలు కొట్టాలేటి బాబూ?"
అగ్గిపెట్టె. చుట్ట మాత్రం ఉంచుకోవచ్చు.
"నిప్పు నేకండా సుట్టేటి!"
అడ్డపొగ తీసి పట్టుకుని మరీ నవ్వింది.
ఎండు కొబ్బరి.
ఇక్కడ నవ్వు ఆపింది. "కొబ్బరేటి సేసింది?"
అందులో నూనె ఉంటుంది కదా అన్నాను,
నాకేదో తెలిసినట్టు.

వాలుగ చేప దవడ ఆ పట్టికలో లేదు.
కదురూ లేదు.
లేదంటే సరే అనుకున్నాను.

అయినా దవడకు ఒక పత్రం రాసి ముద్ర వేశాను:
"ఇది వాలుగ చేప దవడ. పత్తి దువ్వడానికి.
చేప చాలాకాలం కిందటే చనిపోయినది."

విశాఖలో రాట్నం పెట్టెలో పడి
నల్లపట్టా మీద మా ముందే వెళ్లిపోయింది.
కదురు ఆవిడ బొడ్లో ఉంది, గుడ్డలో చుట్టి.
రాట్నం ఎవరి చేతికైనా ఇస్తుంది, అది ఇవ్వదు.
నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

గేటు కూత పెట్టింది.

దవడ చూసి కుర్రాడు పెద్దాయన్ని పిలిచాడు.
పెద్దాయన నా పత్రం రెండుసార్లు చదివించుకుని
వాసన చూసి
నవ్వి ఇచ్చేశాడు.
కదురు చూసి ఎవరూ నవ్వలేదు.
జానెడు ఇనుము, కొన తేలి ఉంది.
సూదిలాంటిదే అన్నాను.
దారం తీస్తుంది అన్నాను.
ఆయన బొటనవేలు కొనకి ఆనించి తీసి
నెత్తుటి చుక్క నాకు చూపించాడు.
తప్పు ఆయనది కాదు.

గాజు డబ్బాలో లైటర్లు, గోళ్లు తీసేవి,
ఒక అడకత్తెర, ఏ పిల్లాడిదో ప్లాస్టిక్ తుపాకి,
మూత వదులైన ఆవకాయ సీసా.
కదురు సీసా మీద పడి చప్పుడు చేసింది.

ఢిల్లీలో మూడు రోజులూ పత్తి దువ్వింది.
వాళ్లిచ్చిన కదురు వేళ్ల మధ్య ఒకసారి తిప్పి
పక్కన పెట్టేసింది.
జనం దవడతో ఫోటోలు దిగారు.
దూది మోకాలెత్తు లేచింది, ఒక్క పోగు లేదు.
వడకరా అని ఒకామె హిందీలో అడిగితే
"ఇశాపట్నంలో ఉండిపోయింది" అని
ఈవిడ తెలుగులో చెప్పింది.
ఆమె తలూపి వెళ్లింది.

తిరిగొచ్చినరోజు డబ్బా ఖాళీ.
శుక్రవారం శుక్రవారం తీసుకెళతారట.
ఎక్కడికో
అక్కడ నిలబడ్డ నలుగురికీ తెలీదు.

కమ్మరి సన్యాసాచారి కొత్తది చేసిచ్చాడు,
అదే పొడవు, అదే బరువు.
"సెయ్యి ఎరగదు" అంటుంది.
ఇనుము చేతిని ఎరగదో, చెయ్యి ఇనుమునో.
చైత్రమంతా తెగింది. వైశాఖంలో అరవయ్యో నంబరు.
సగం కూలి లెక్కగట్టి నేనే చేతిలో పెట్టాను.
లెక్కపెట్టుకోకుండా కొంగున ముడేసుకుంది.

మొన్న ఆడిటు.
పెద్దాయన వేలు ఐదో గడి వెంట జారుతూ
జ్వరం, జ్వరం, పురుడు
దాటాక ఆగింది.
"ఇదేంటయ్యా కూర్మారావ్?"
విమానం, అన్నాను. అదే రాసి ఉంది.
చెయ్యి నొప్పి అని మార్చమన్నాడు,
కొట్టివేతలకు ఎర్ర సిరా వాడమన్నాడు.

ఎర్ర సిరా అయిపోయిందండి, అన్నాను.