ఎనిమిదో బోరు

ఫిలాసఫీ డిపార్ట్‌మెంటంటే
మెట్ల కింద అర్ర, ఒకటే కుర్చీ.
రెండోది కెమిస్ట్రీ వాళ్ళు అడుక్కపోయి
మల్ల తేలేదు.
ఏర్పుల ఆండాలు మేడం అక్కడ్నే
ఇరవై ఆరేండ్లు
సైన్సును ఎంతవరకు నమ్మాల్నో చెప్పింది,
ఒక ఏడు తొమ్మిది మందికి,
ఒక ఏడు నా ఒక్కనికి.

మొదటి రోజు బల్ల మీద టెంకాయ పెట్టింది.
పూజేమో అని చెప్పులిడిసిన.
"తొడుక్కో. ఇది మా నాయిన పరికరం."

చండూరు అవతల చెల్కలల్ల
అరచేతిల కాయను పండవెట్టుకొని నడిచెటోడట పెంటయ్య.
అది లేచి నిలబడ్డకాడ నీళ్ళు.
ఏడు బోర్లల్ల దుమ్మే లేచింది,
తెల్లటి దుమ్ము,
కనురెప్పల మీద, అప్పు కాయితాల మీద.
"ఏడుసార్లు తప్పింది
ఎనిమిదోసారి తప్పుతదని ఎట్ల చెప్తవురా?"
చెప్పలేకపోయిన.
రెండు సెమిస్టర్లు చెప్పలేకపోయిన.

ఆమె థీసిస్ కూడ అదే ప్రశ్న.
హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు
అద్దాలు తుడుసుకుంట అన్నడట:
"ఇది తత్త్వశాస్త్రం కాదమ్మా, మంచినీళ్ళ సమస్య."
ఆమె నిండు గ్లాసు ఆయన ముందట పెట్టి
"రెంటి నడుమ గీత ఎక్కడుందో చూపెట్టుండ్రి సార్" అన్నదని
హాస్టల్ల చెప్పుకునేది.
అడిగితే, అంత ధైర్యమేడిది,
వంగి దండం పెట్టిన అన్నది.

ప్రొఫెసర్ పోస్టుకు మూడు ఇంటర్వ్యూలు. మూడుసార్లు లేదన్నరు.
"మూడింటితోని సూత్రం చెయ్యొద్దు" అని
చాక్‌పీసు దులుపుకున్నది.

రిటైరైన దినం శాలువా, గోడ గడియారం, చల్లారిన సమోసలు.
రిజిస్ట్రారు కాయితం చూసి "ఆండాళ్ గారు" అన్నడు.
ఆండాలు, అని ఆమె దిద్దలేదు.
అందరు పోయినంక
ఇన్నేండ్లు అడగనిది అడిగిన:
ఎనిమిదోది?

పడ్డది, అన్నది.
రెండించుల ధార. వాడకట్టంత బిందెలతోని ఉరికొచ్చింది.
నాయిన కాయ కొట్టలేదు, ముద్దు పెట్టుకున్నడు.
ఇగో, ఇదే కాయ.
పదకొండేండ్లు ఆ నీళ్ళే తాగినం.
తమ్ముడు ముత్యాలు మోకాళ్ళు
ఒకదాన్నొకటి ఒరుసుకున్నయి.
పండ్లకు గార. మెడ తిప్పాల్నంటే మనిషంత తిరుగుడు.
సీసా నల్లగొండ ల్యాబుకు పోయొచ్చినంక
కాయితం మీద ఒక అంకె, పక్కన చుక్క, ఇంకో అంకె.
నాయినకు సదువు రాదు. నేనే సదివి ఇనిపించిన.

కాయను చెవి కాడ ఊపింది.
ఎండిన కుడక గలగలమన్నది.
"తప్పిన ఏడింటి మీద పుస్తకం రాసిన.
నిజమైన దాని మీద
ఇంతవరకు ఒక్క వాక్యం రాలె."

ఇప్పుడు నేను ఆ ల్యాబులనే ఉన్న,
గడియారం సెంటర్ కాడ బస్సు దిగి నడుస్త.
ఊర్ల పేర్లు అంటించిన సీసాలొస్తయి.
ఊరు, తారీఖు, లోతు
అన్నిటికి ఫారంల గడులున్నయి.
సీసా తెచ్చినోన్ని నిలబెట్టి అడుగుత:
ఎన్నో బోరు?
వాళ్ళు వేళ్ళు మడుస్తరు.
అంచున, పెన్సిల్‌తోని, రాసుకుంట.