బొటనవేలంత జాగ

అచ్చంపేట దవాఖానల, ఎక్స్‌రే రూము పక్కన
రెండు కుర్చీలు, ఒక కుంటి స్టూలు,
పోయినేడాది క్యాలెండరు కాగితాలు.
వాటి వెనక తెల్లవైపే నా వైద్యంల సగం.
నర్సమ్మా అంటరు.
కాదు, కాళ్లు చూసేదాన్నని చెప్పి చెప్పి
ఊకున్న.

నిలబడుండ్రి, అంట.
కూసున్న పాదం అబద్ధమాడుతది.
బరువు పడితేనే వేళ్లు విచ్చుకుంటయి,
మడిమె తన వెడల్పు ఒప్పుకుంటది.
పెన్సిలు నిటారుగ పట్టి చుట్టూ గీస్త.
చక్కిలిగిలైతదని నవ్వుతరు ముసలోళ్లు గూడ.
చేనును గొలుసేసి కొలిచిండ్రు గని
దాన్ని దున్నిన అడుగును ఎవరు కొలిచిండ్రు?

బల్మూరు బక్కన్న పట్నంల వాచ్‌మెన్.
కంపెనీ ఇచ్చిన బూట్లు ఏడో నంబరు,
కాలు తొమ్మిది.
తొడుగంగ తొడుగంగ వదులైతయన్నరట.
తోలు వదులు కాలే,
చిటికెన వేలే పక్కదాని కిందికి దూరి
తలదాచుకుంది.
గీసిన కాగితం మీద బూటు పెట్టి చూపిన.
రెండు దిక్కుల గీత బయటికొచ్చింది,
గట్టు దాటిన గొర్రె తీరు.
అట్ల చూసుకుంట చూసుకుంట
"అయితే తప్పు నా కాలుది గాదా అమ్మా?" అన్నడు.
మొన గట్టిగనే ఉన్నా
నేను చాలాసేపు పెన్సిలు చెక్కిన.

పొద్దుగాల కొనకుండ్రి.
దినమంత తిరిగిన పాదం మాపటికి
పెంక మీద జొన్నరొట్టె లెక్క పొంగుతది,
ఆ పాదాన్నే దుకాణానికి తీస్కపోండ్రి.
రెండు కాళ్లకూ తొడుగుండ్రి, ఒకటి పెద్దగుంటది,
పెద్దదాని మాట వినుండ్రి.
సేటు కసిరినా సరే, ఆ కొస నుంచి ఈ కొసకు నడువుండ్రి.
చెప్పు వేళ్ల కాడ వంగాలె, నడుమల మడత పడొద్దు.
ముందట బొటనవేలంత జాగ.
అంతే, ఎక్కువేం గాదు,
వేలికి ఊపిరాడేటంత.
నా చెప్పుల దిక్కు చూడకుండ్రి,
జీతం పడంగనే మారుస్త.

రజియాబీకి షుగరు.
మేకు దిగబడి మూడొద్దులైనా తెల్వలే,
చాప మీద మరక చూసి మనుమరాలు చెప్పింది.
తొడిగేముందు దులుపు బీబమ్మా,
లోపట చెయ్యి పెట్టి తడుము.
కాలు చెప్పనిది చెయ్యి చెప్తది.

ఆ పొద్దు ఆ మాట ఇంకొకామె గూడ విన్నది.
లింగాల ఈదమ్మ, గోడకు ఒరిగి.
వేళ్లు గుంజుతున్నయి, పిక్కలు పట్టేస్తున్నయి అంది.
కాళ్లకు మొగోళ్ల చెప్పులు, తొమ్మిదో నంబరు.
ఆమెది ఐదు.
జారిపోకుంట అడుగడుగుకూ
వేళ్లతోని వాటిని ఒడిసిపట్టి నడుస్తది.
ఎవరివి అని అడిగిన.
బొంబాయి దిక్కు మట్టిపనికి పోయిండంట.
ముల్లె వచ్చింది, చెప్పులొచ్చినయి.

ఆమె పాదం గీసి, కత్తిరించి,
ఆ చెప్పుల పెట్టిన.
చుట్టూ ఎంత జాగ!
బొటనవేలి లెక్క చెప్పే నాకు
నోట మాట రాలే.
వీటిని పారెయ్యి అని మటుకు అనలేదు.
కాగితం మడిచి రొండిన దోపుకొని పోయింది.

నెలకు మళ్ల వచ్చింది.
నీలం చెప్పులు, మడిమె వెనక పట్టీ.
వేళ్లు నేల మీద కోడిపిల్లల లెక్క విడివిడిగ.
నొప్పి తగ్గిందంట, బరకత్తున్న బేరమంట,
నలభై రూపాలు తగ్గించిండంట.

"మరి అవి?"

"గడప ముంగట్నే ఉన్నయి.
ఒంటి ఆడిదాన్ని.
రాత్రి ఎవడన్న తలుపు కాడికొస్తే
ముందుగాల ఆయన చెప్పులే చూడాలె.
నువ్వు చెప్పినట్టే,
దినాం దులిపి, చెయ్యి పెట్టి తడుముత."

పోయినంక చీటీ తీసిన.
నొప్పి: తగ్గింది.
సైజు: ఐదు.
కింద ఇంకో గడి ఖాళీగ ఉంది.
తొమ్మిది అని రాసి, కొట్టేసి,
మళ్ల రాసిన.
బయట స్టూలు మీద ఎవరో దగ్గుతున్నరు.