పరగడుపు

నవంబరు రెండో వారంలో పడ్డాను.
హెబ్బాళ ఫ్లైఓవర్ దిగే చోట, తెల్లవారి ఐదుంబావుకి,
ఏదో టిప్పరు ఒలకబోసుకుంటూ పోయిన ఇసుక మీద.
బండికి ఎడమ అద్దం పోయింది. నాకు మెడ కింది ఎముక.
అప్పటినుంచి ఇది సెల్లారులో, మూడో స్తంభం పక్కన,
పాత దుప్పటి కప్పుకుని నిలబడే ఉంది.
చక్రాలు జరక్కుండా మాదప్ప రెండు ఇటుకలు పెట్టాడు.
నేనడగలేదు.

నా పని ఇంటింటికీ వెళ్ళి నెత్తురు తీయడం.
యలహంక నుంచి సంజయనగర్ దాకా
తలుపులు నాకు చీకట్లోనే తెరుచుకుంటాయి.
చొక్కా చెయ్యి మడిచి కూర్చున్న ప్రతి మనిషినీ
ఒకటే అడుగుతాను:
పన్నెండు గంటలు పరగడుపునే ఉన్నారా?
కాఫీ తాగేసి తలాడించేవాళ్ళని
వాసనతోనే పట్టేస్తాను.

ఈవేళ దుప్పటి లాగి బండిని అడిగాను.
డెబ్బై ఎనిమిది రోజులంది.

పుష్యమాసపు చలి సిమెంటులోంచి మడమల్లోకి ఎక్కుతోంది.
సీటు మీద పిల్లి పడుకున్న గుంట.
ట్యాంకు దుమ్ములో ఎవరి పిల్లాడో వేలితో రాసిన పేరు, సగం.
మెయిన్ స్టాండు వెయ్యాలంటే రెండు చేతుల బలం కావాలి.
ఒకటిన్నరతో సరిపెట్టాను.
ఒరిగిన బండి అబద్ధం చెబుతుంది,
నిటారుగా నిలిపి అడగాలి
అంటాడు యూసుఫ్ మేస్త్రి.

కుడివైపు, ఇంజను నడుం దగ్గర, నల్ల మూత.
తిప్పితే ముందు నా భుజం టిక్కుమంది,
ఆ తర్వాతే మూత.
పుల్ల పైకి తీశాను.
తుడవడానికి గుడ్డ తెచ్చుకోలేదు. సంచిలో చూస్తే
డిసెంబరంతా నా చేతిని మోసిన నీలం పట్టీ ఉంది.
దాంతోనే తుడిచాను.

మళ్ళీ దించాలి. మరలు తిప్పకూడదు,
ఊరికే ఆనించాలి,
మోచేతి మడతలో నరం ఎక్కడుందో వెతికే వేలిలాగ.
తీసి, ట్యూబులైటు కిందికి పట్టుకున్నాను.

పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టు.
ఉంటుందనుకున్నాను,
తుపాను వానకి ఇక్కడ చీలమండ లోతు నిలిచిందని విని.
కాకపోతే పుల్ల చివర పొడిగా ఉంటుందనీ
అంతా కారిపోయి ఉంటుందనీ అనుకున్నాను.
ఇంజను కింద నేలని అరచేత్తో తడిమి చూశాను కూడా.
దుమ్ము. మామూలు దుమ్ము.

ఆయిలు రెండు గీతల మధ్య ఉంది.
పై గీతకి గోరంత తక్కువ.
పడిన రోజు ఎంతుందో అంతే.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్దాను,
గరుకు తగల్లేదు.
రిపోర్టు నార్మల్.

నార్మల్ అని చెప్పగానే కొందరి మొహాలు
ఎందుకు వాడిపోతాయో ఇన్నేళ్ళూ తెలియలేదు నాకు.
సంజయనగర్ పుట్టతాయమ్మగారు
ఒక్క ఏడాదిలో మూడుసార్లు చేయించుకున్నారు థైరాయిడు.
"ఏదో ఒకటి ఉంటే బాగుండేది కదే,
దాని మీదికి నెట్టేసేదాన్ని" అన్నారు మూడోసారి,
దూది అదిమి పట్టుకుని.
ఈవేళ ఆవిడ కుర్చీలో నేనున్నాను.
ఆయిలు తక్కువైతే మేస్త్రికి ఫోను,
మేస్త్రి ఊళ్ళో లేకపోతే సోమవారం,
సోమవారం రద్దీ కాబట్టి గురువారం.
రాత్రే లెక్క వేసిపెట్టుకున్నాను అంతా.

"ఏన్ మేడమ్, స్టార్ట్ ఆగల్వా?"
మెట్ల మీంచి మాదప్ప.
ఇంకా చూళ్ళేదన్నాను.
మూత బిగించాను, మరీ గట్టిగా కాకుండా.
ఇటుకలు తనే వంగి తీశాడు, ఒకదాని మీద ఒకటి పెట్టాడు
మళ్ళీ అవసరం రావచ్చన్నట్టు.
నాకని తెచ్చిన కాఫీ స్తంభం దగ్గర పెట్టి
గేటు తియ్యడానికి పోయాడు.

గేటు తీసిన చప్పుడు వినబడింది.
రోడ్డు మీద పాల వ్యాను వెళ్ళింది, ఇంకో వ్యాను వెళ్ళింది.
కిక్కు మీద కుడికాలు పెట్టుకుని
కాఫీ మీద మీగడ కట్టేదాకా
నిలబడే ఉన్నాను.