మాన్యువల్‌లో వాన లేదు

మాగుంట లేఅవుట్లో మాది
లోకం మొత్తానికి ముప్పై ఎనిమిదో కొట్టంట.
లోపల గోడ మీద దేశాల పటం,
కొట్టుకో ఎర్ర గుండుసూది.
మనీలాకి మూడు, దుబాయికి రెండు.
నెల్లూరికి గుచ్చబోయి
ఎవరో గోరంత తూర్పుకి గుచ్చారు.
మైపాడు దాటి, వలలు దాటి
మేం సముద్రంలో ఉన్నాం.
ఎవరూ తీసి మళ్లీ గుచ్చలేదు.
నేనూ గుచ్చలేదు.

నా పేరు చెంచుకృష్ణ, కావలి.
జేబు మీద పట్టలేదని ‘చెన్’ అని కుట్టించారు.
కాలేజీ పిల్లలు ఆ పేరు చూసి
నా కళ్లలోకి ఇంకోసారి చూస్తారు.

పొద్దున పదకొండుకి ఎర్ర ముద్ద డబ్బా విప్పుతాను,
మిరపా, పులిసిన సోయా, తీపీ.
వేలెడేసి బియ్యప్పిండి కడ్డీలు
అందులో నాలుగు నిమిషాల ముప్పై సెకన్లు.
మొలగొలుకుల గడ్డ మీద పుట్టి
బియ్యాన్ని స్టాప్‌వాచీ పెట్టి ఉడికిస్తున్నానని
మా మేనమామకి ఇంకా చెప్పలేదు.

ఎదుటి గోడకి నిలువెత్తు ఫోటో.
నలుపూ తెలుపూ. రేవు పక్క సందు.
తోపుడు బండి, దాని వెనక ఒక అవ్వ,
తలకి గుడ్డ, చేతిలో గరిటె,
ఆవిరికి మొహం సగమే కనబడుతుంది.
కింద రాసుంది: ‘అంతా ఇక్కడే మొదలైంది.’

సరిగ్గా ఆ ఫోటోకి ఎదురుగా, అద్దం బయట
మస్తానమ్మ పునుగుల బండి.
పద్నాలుగేళ్లుగా అదే తావు.

రెండో వారం ఏరియా మేనేజరొచ్చాడు.
‘ముందు భాగం క్లియర్‌గా ఉండాలి, చెన్’ అన్నాడు
అవ్వకి వీపు పెట్టి నిలబడి.
ఊరి భాష తెలిసినోణ్ణి, నేనే చెప్పాలంట.
చెప్పాను.
ఎట్ట చెప్పానో ఇక్కడ రాయను.
మస్తానమ్మ స్టవ్వు ఆర్పింది.
‘నూనె సల్లారనీ అబ్బయా,
కాగే నూనెతో బండి తొయ్యగూడదు.’
అంతే అంది.
ఆ అరగంటా నేను లోపల
తుడిచిన బల్లనే తుడిచాను.

ఇప్పుడు రోడ్డుకి ఆ పక్క, మురుగ్గాలవ దగ్గరుంటుంది.
బేరం సగమైందని ఒకరన్నారు,
పెరిగిందని ఇంకొకరు.
నేను అడగలేదు.

ఒక మంగళవారం, ఎవరూ లేని వేళ
చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది.
మెనూ తెరవలేదు. ‘మీరమ్మేదేందో అది పెట్టు.’
నూట ఎనభై తొమ్మిది.
కొంగుముడి విప్పి పది నోట్లు లెక్కపెట్టింది.
నేనిస్తానంటే వినలేదు.
ఒక కడ్డీ నోట్లో వేసుకుని
చాలాసేపు నమిలింది.
‘బియ్యమే గదా.
కారంలో బెల్లమెందుకేశారో.
పిండి మాత్రం బాగా మర్దించారు,
చెయ్యి తిరిగినోళ్లే.’
తర్వాత ఫోటో వైపు తిరిగింది.
‘ఈమెవురు?’
మా కంపెనీ పెట్టిన అవ్వ, అన్నాను.
‘బండికి గొడుగు లేదే.
వానొస్తే ఏంజేసేదో?’

మాన్యువల్ రెండొందల పన్నెండు పేజీలు.
చేతులు ఎన్ని సెకన్లు కడగాలో ఉంది,
కస్టమరు అరిస్తే నడుం ఎంత వంచాలో ఉంది,
అవ్వ బొమ్మ ఏ సైజుకి తగ్గకూడదో ఉంది.
వాన గురించి లేదు.
తెలీదన్నాను.
‘పట్టా కప్పుకోని కూసోనుంటాది’ అంది తనే,
ఎరిగిన మనిషి సంగతి చెప్పినట్టు.
తిన్న గిన్నె కడగబోయింది. వద్దన్నాను.

కార్తీకంలో వాయుగుండం.
టీవీలో వాళ్లు చూపించిన తావు
అచ్చంగా మా గుండుసూది ఉన్న చోటే.
ముప్పై తొమ్మిదోది జకార్తాలో తెరిచామని
ఆ సాయంత్రమే మెయిలొచ్చింది, బెలూన్ల బొమ్మతో.
రోడ్డుకి ఆ పక్క నీలం పట్టా,
మా ఎర్ర బోర్డు వెలుగు పడి వంకాయ రంగులో.
ఒక మూల ఊడి టపటపా కొట్టుకుంటోంది.
స్టోర్ రూములో తాడు వెతికాను, లేదు.
ఎర్ర ముద్ద పెట్టెలకి చుట్టొచ్చే
ప్లాస్టిక్ పట్టీలున్నాయి.
అవి పట్టుకుని వానలోకి దిగాను.

నడిరోడ్డులో గుర్తొచ్చింది,
పొయ్యి ఆర్పలేదని.