వేలెడు మేర

ఎస్.కోట దాటాక, బొడ్డవరలో
ఘాట్ ఎక్కేముందు దాలినాయుడి షెడ్డు.
రెండు టైర్లు గోడకానించి గోరు గుచ్చాడు:
"ఇది మెత్తన. వానలోనూ రోడ్డుని కరుసుకుంటాది,
రెండో దసరా మాత్రం సూడదు.
అది రాయి. ఏళ్లకేళ్లు బతుకుతాది,
తడి మలుపులో సుట్టం కాదు."

నేను ధర అడిగాను.
అతను నా పాత టైరు తిప్పాడు.
నడుమంతా బోడిగుండు. అంచున
వేలెడు మేర రబ్బరు నూగు కూడా రాలలేదు.
"ఇక్కడికి నువ్వెప్పుడూ రానేదు బావూ"
అన్నాడు, పొలం గట్టు చూపించినట్టు.

మెత్తనిదే ఎక్కించాడు.
"కొత్త తోలు జారతాది. వంద కిలోమీటర్లు మెల్లగెల్లు."

నెల తిరిగింది.
మూడో మలుపు, కాఫీ పూల వాసన.
బండిని వంచాను,
ఇంకొంచెం.

దిగి చూసుకుంటే
ఇంకా అరవేలు మిగిలుంది.